ఎడమ సీటు

కాబట్టి కారుకి అడుగు రేకు లేదని కంగారు పడనక్కర్లేదు, కాళ్ళున్నాయి కదా, నడిస్తే సరిపోతుంది, అనుకుంటూ నళిని స్టీరింగు ముందు కూర్చునే నడుస్తోంది. సీటు కింద నేల వెనక్కి జారిపోతూ కనిపిస్తోంది. కాసేపు అది బీచి రోడ్డు పక్కన తడిసిన ఇసుక, కాసేపు తను పాఠాలు చెప్పిన కాలేజీ వరండాలోని నల్లబండలు, మళ్ళీ ఇసుక. రెండే సీట్లున్న ఆ ఆకుపచ్చ కారు, పైకప్పు లేని ఆ పాతకాలపు ఇంగ్లీషు కారు, ఆమె అడుగులకు తగ్గట్టు పల్లకీలా ఊగుతూ ముందుకు పోతోంది. ఇంజను చప్పుడు లేదు. ఇంజను ఏదని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆమె ముందే అనుకుని పెట్టుకుంది గానీ, ఏమనుకుందో ఇప్పుడు గుర్తు రావడం లేదు.

కారు పక్కనే, తలుపు మీద చెయ్యి వేసి, వకుళక్క నడుస్తోంది.

అక్క చనిపోయిందన్న సంగతి నళినికి తెలుసు. తెలుసు గానీ, ఎవరింటికైనా భోజనానికి వెళ్ళినప్పుడు వాళ్ళ గోడల పగుళ్ళ గురించి మాట్లాడనట్టు, ఆ సంగతి ఇక్కడ ఎత్తకూడదని కూడా తెలుసు. అందుకని ఆమె అక్క మొహం వైపు కాకుండా కాళ్ళ వైపు చూస్తుంది. చీర కుచ్చిళ్ళ కింద రెండు పాదాలూ ఒకదాని తర్వాత ఒకటి సమంగా పడుతున్నాయి. కుంటు లేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి తగ్గిన నాటి నుంచి సన్నబడిపోయి, నడిచేటప్పుడు పక్కకి విసిరినట్టు పడే ఆ ఎడమ కాలు, ఇప్పుడు కుడికాలికి అద్దంలో నీడలాగా నిదానంగా నడుస్తోంది. నళినికి సంతోషం కలుగుతుంది. సంతోషం వెనకాలే, పరీక్ష హాల్లో ఎవరి కాగితమో చూసి రాసినట్టు, ఒక భయం.

"ఏమే నల్లీ," అంటుంది అక్క. ఈ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు లోకంలో ఎవరూ లేరు. "పుట్టీ మొత్తం కారుకే పూసేశావా, నీ మొహానికేమన్నా మిగుల్చుకున్నావా?"

"బాగా రాలేదా అక్కా?"

"దోసె పిండి పోసినట్టు పోశావు కదే. అయినా మొదటిసారి కదా, పర్లేదు. కొత్త అడుగు రేకు వేయించావని విన్నాను, ఏదీ?"

"ఆరుతోంది," అంటుంది నళిని. రేకు ఆరడమేమిటో ఆమెకే తెలియదు. అక్క మాత్రం సబబైన జవాబు విన్నట్టే తలూపుతుంది.

"ఒక్క పూటలో తుప్పంతా గోకేసి, రంగూ గింగూ లేకుండా రాత్రంతా వదిలేశావటగా? సముద్రం పక్కన, ఉప్పు గాలిలో! చంటిపిల్లకి స్నానం చేయించి తుడవకుండా వాకిట్లో పడుకోబెట్టినట్టు."

"ఎవరు చెప్పారు?"

"అప్పలరాజు."

అప్పలరాజు ఆదివారాలు వచ్చి వెల్డింగు పని చేసిపెట్టే మనిషి. "వాడు బతికే ఉన్నాడు కదక్కా," అనేస్తుంది నళిని, అన్నాక నాలిక కరుచుకుంటుంది.

అక్క ఏమీ నొచ్చుకోదు. "అయితే ఏం? బతికున్నవాళ్ళు మాతో మాట్లాడరా ఏంటి? నువ్వు మాట్లాడటం లేదూ?"

ఆ తెల్లారి చూసినది నళినికి ఇప్పుడు కళ్ళముందే ఉంది. సాయంత్రం అద్దంలా మెరిసిన ఇనుమంతా పొద్దున్నకి నారింజరంగు పూసి ఉంది. షెడ్డు గుమ్మంలో నిలబడి ఆమె ఏడ్చింది, అక్క పోయినప్పుడు రాని ఏడుపు, రేకు కోసం. మనసు ఇలాంటి దొడ్డిదారులు తొక్కుతుందని తను ఎన్నో ఏళ్ళ పాటు సైకాలజీ క్లాసులో బల్లకి ఆనుకుని పిల్లలకి చెప్పింది. చెప్పిన విషయమే తనకి జరుగుతున్నప్పుడు దానికి పేరు పెట్టడం తప్ప మరేమీ చెయ్యలేకపోయింది.

దూరంగా ఎవరో అరుస్తున్నారు. సముద్రం వైపు నుంచో, వరండా చివర నుంచో. మాటలు తెలియడం లేదు, చివర దీర్ఘం మాత్రం సాగి సాగి గాలిలో తెగిపోతోంది.

"ఎవరే అది?" అంటుంది అక్క.

"ఎవరో," అంటుంది నళిని. ఎవరో ఆమెకి తెలుసు. పాత ఇనప సామాన్లు కొనే మనిషి. పొద్దున్నే వస్తాడు. పనికిరాని ముక్కలన్నీ ఒక గోనెసంచిలో వేసి ఆమె నిన్ననే గేటు దగ్గర పెట్టింది. ఆ సంచిలో ఏమున్నాయో అక్క అడగకూడదు, అడిగేలోపు ఈ దారి తిరిగిపోవాలి, అని ఆమె అడుగులు గబగబా వేస్తుంది. కారు వేగం అందుకుంటుంది. పక్కన అక్క రెండు కాళ్ళతోనూ తేలిగ్గా పరుగెత్తుతుంది, రొప్పకుండా, నవ్వుతూ.

*

పరుగు ఎక్కడ ఆగిందో తెలియదు గానీ ఇప్పుడు వాళ్ళు పోర్టు ఆఫీసులో ఉన్నారు. అక్క ఉద్యోగమంతా గడిచిన గది. ఏటవాలు బల్లలు, వాటి మీద పెద్ద పెద్ద కాగితాలు, కిటికీ బయట క్రేన్ల మెడలు. ఒక బల్ల మీద కారు నిలబెట్టి ఉంది, బొమ్మ కాదు, నిజం కారే, నళిని ఇంకా దాని స్టీరింగు ముందే కూర్చుని ఉంది. అక్క చేతిలో పొడవాటి స్కేలు. ఓడల కంపెనీ ఆఫీసరొకాయన ఊరు విడిచి పోతూ బంగళా వెనక పారేసి పోయిన ఈ కారుని, తీగలు అల్లుకుని, లోపల పిల్లి ఈని ఉండగా మొదట చూసినది అక్కే. తాళ్ళు కట్టించి పాండురంగాపురంలోని తన ఇంటి పక్క షెడ్డుకి ఈడ్పించుకొచ్చినదీ అక్కే. స్పానర్ పట్టుకోవడం కూడా రాని మనిషి, క్రేన్ల బొమ్మలు గీసీ గీసీ, గీత తెలిస్తే ఇనుము ఎంతలే అనుకుంది. మొదట్లో నట్లన్నీ తిరగాల్సిన వైపు కాకుండా ఎదురు వైపు తిప్పి విరగ్గొట్టింది. ఆ తర్వాత తనకో పద్ధతి పెట్టుకుంది.

ఆ పద్ధతి ఇప్పుడు చేసి చూపిస్తోంది. జాకెట్టులోంచి ఎర్ర గోళ్ళరంగు సీసా తీసి, కారులో ఒక నట్టు మీద కుంచెతో చుక్క పెడుతుంది. జీవితంలో ఎప్పుడూ గోళ్ళకి రంగు వేసుకోని మనిషి.

"ఇది గుర్తుందా? బిగించడం పూర్తయిందంటే చుక్క. చుక్క పెట్టానంటే ఇంక దాని జోలికి వెళ్ళకు. ఆలోచించే బిగించానని అర్థం."

"గుర్తుంది."

"గుర్తుండే కోశావన్నమాట."

గదిలో క్రేన్ల చప్పుడు ఆగిపోతుంది. నళిని కిందకి చూస్తుంది. రెండు సీట్ల మధ్య, గేరు కర్రకి ఇటుపక్కగా, నేల లేని చోట గాలిలో నిలబడి ఒక ఇనప మోడు ఉంది. పైన నున్నగా కోసిన గాటు, గాటు మీద మెత్తటి నారింజ పొడి. దాన్ని బిగించిన నట్ల మీద ఎర్ర చుక్కలు.

అక్క తలుపులోంచి వంగి, మోడు మీద వేలు పెట్టి, పొడిని బొటనవేలితో నలిపి చూస్తుంది, పిండిలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు. "దీని మీద ఉండాల్సిన నా కడ్డీ ఏదే?"

నళిని కిటికీ బయట క్రేన్ల మెడల్ని లెక్కపెడుతుంది.

క్లచ్ నొక్కాల్సింది ఎడమ కాలు. అక్క ఎడమ కాలు నొక్కదు. అందుకని కొన్ని నెలల పాటు కాగితం మీద గీసి, చెరిపి, గీసి, అక్క ఒక పొడవాటి ఇనప కడ్డీ చేయించింది. కింద పెడల్‌కి తగిలించి, సీటు పక్కగా పైకి తెచ్చి, చివర పాత స్కూటరు హ్యాండిల్ పిడి తొడిగింది. ఎడమ చేత్తో కడ్డీని ముందుకి తోస్తే క్లచ్ పడుతుంది. కుడి చెయ్యి స్టీరింగు మీద, ఎడమ చెయ్యి కడ్డీ మీద. గేరు మార్చడానికి ఇంక చెయ్యి లేదు. ఫోనులో నళిని ఆ మాటే అంది. గుంటూరులో ఉండేది అప్పుడు, ముందు పేపర్ల కట్టలు.

"మరి గేరెవరు వేస్తారక్కా, ఆకాశంలోంచి ఎవరైనా దిగొస్తారా?"

"నువ్వేస్తావు. ఎడమ సీటులో కూర్చుని. నేను కడ్డీ తోసి 'ఊఁ' అంటాను, నువ్వు గేరు వెయ్యి. అంతే."

"నాకు ఒకటో గేరెక్కడో రెండోదెక్కడో కూడా తెలీదు. పక్క సీటులోంచి ఎలా తెలుస్తుంది?"

"దానికీ ఏర్పాటు చేశాలే. ఆదివారం రా."

"పేపర్లు దిద్దాలి. వచ్చే నెల చూద్దాం."

వచ్చే నెల, ఎండాకాలం సెలవులు, ఆ తర్వాత దసరా. నళిని రాలేదు. మరుసటి ఏడాది నడివానాకాలంలో ఒక మధ్యాహ్నం అక్క షెడ్డులోనే, కారు తలుపుకి ఆనుకుని కూర్చుని ఉండగానే గుండె ఆగిపోయింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక నళిని ఈ ఇంటికి వచ్చి, టార్పాలిన్ తీసి, తనకీ స్పానర్ పట్టుకోవడం రాదు గనక అక్కలాగే మొదటి నట్టు ఎదురు వైపు తిప్పి విరగ్గొట్టింది.

"కడ్డీ ఏదే?" అంటుంది అక్క మళ్ళీ. గొంతులో కోపం లేదు. చీకట్లో కళ్ళజోడు వెతుక్కుంటున్న మనిషి గొంతు.

*

అదేమిటో ఈ గదిలో ఏదీ చెప్పక్కర్లేదు, చెప్పనిదంతా పక్క బల్ల మీద జరుగుతుంది. అక్కడ అప్పలరాజు ఉన్నాడు, మొన్నటి ఆదివారపు అప్పలరాజు, నుదుటి మీద వెల్డింగు అద్దాలు, కారులోకి తల దూర్చి, "అమ్మా, ఇదేటండీ ఇది? జీపుదేదో బ్రేకు కర్ర ఎట్టుకొచ్చి ఇక్కడ నాటేసినట్టున్నారు. కారు తోలడానికా, పొలం దున్నడానికా?" అని తన జోకుకి తనే నవ్వుతున్నాడు. పక్కన ఉన్న ఇంకో నళిని, "తీసెయ్యి రాజూ. కారు పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలి," అంటోంది.

"నట్లు రావడం లేదమ్మా. రంగేదో ఏసేసి ఉన్నాయి. టీ తాగొచ్చి కోసేత్తాను." ఆగి, గేరు కర్ర మీది గుండ్రటి పిడిని చూస్తాడు. "ఇదీ వంకరగానే బిగించేసారు. దీని మీద అంకెలు సూడండి, అటెటో పక్కకి తిరిగిపోయున్నాయి. సరిసేసీమంటారా?"

"చెయ్యి."

అతను తిప్పి చూస్తాడు, రాదు. కింద నట్టుకి తన స్పానర్ సరిపోలేదంటాడు, వచ్చే ఆదివారం వేరేది తెస్తానంటాడు, టీకి వెళ్ళిపోతాడు. అప్పుడు ఆ ఇంకో నళిని, అతను వచ్చేదాకా ఆగకుండా, ఇనుము కోసే రంపం చేతిలోకి తీసుకుంటుంది.

అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ చూస్తూ ఉంటారు.

రంపం పాడుతుంది. సగం కోశాక, కడ్డీ ఊగకుండా పట్టుకోవాలని, ఆ నళిని ఎడమ చేత్తో దాని పై కొన పట్టుకుంటుంది. స్కూటరు పిడి. రబ్బరు ఒకచోట పల్లంగా అరిగి ఉంది. తోసి తోసి చూసుకున్న బొటనవేలి గుర్తు. ఇంకా కదలని కారులో, ఒక్కతే కూర్చుని, ఎన్నిసార్లు తోసి ఉంటే రబ్బరు అంత అరుగుతుంది. ఆమె చెయ్యి ఆగుతుంది. అక్కడ, ఆ బల్ల మీద, ఆగిన ఆ చెయ్యి చాలాసేపు ఆగే ఉంటుంది, బహుశా నిజంగా అంతసేపు ఆగలేదేమో. తర్వాత రంపం మళ్ళీ పాడుతుంది.

"కోసేటప్పుడు తెలుసా నీకు?" అంటుంది అక్క.

"సగం కోశాక తెలిసింది."

"సగంలో ఆపితే అతుకు వేసుకోవచ్చే."

"తెలుసు."

"మరి?"

నళినికి జవాబు ఉంది. నోరు తెరిస్తే కాలేజీలో చెప్పే మాటలు వస్తాయేమోనని భయపడుతుంది. అవే వస్తాయి కూడా. "కారు పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలని..."

"కారా, నేనా?"

బల్లలు లేవు. వాళ్ళు బడికి వెళ్ళే దారిలో ఉన్నారు. మహారాణిపేట సందులు, తడి గోడలు, ఎదురుగా ఎత్తు. బడి గంట మోగుతోంది. పిల్లలందరూ వాళ్ళని దాటుకుని పరుగెత్తుతున్నారు, రిబ్బన్లు ఎగురుతున్నాయి. నళిని కుడి చేతిలో అక్క ఎడమ చెయ్యి ఉంది. "అక్కతో పాటు నడు," అని అమ్మ చెప్పి పంపింది, రోజూ చెప్పి పంపుతుంది. నళిని కాళ్ళలో పరుగు దురదలా పాకుతోంది. ఆ ఏళ్ళన్నీ ఆమె సింహాచలం కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంది, అక్క కాలు బాగైపోవాలని. అది చూసి ఇంట్లోవాళ్ళు చిన్నదానికి అక్కంటే ఎంత ప్రేమో అని మురిసిపోయారు. ఆ దండంలో ప్రేమ ఎంతో, వదిలించుకుని పరుగెత్తాలన్న తొందర ఎంతో, పెద్దయ్యాక అంత చదువు చదివీ ఆమె విడదీయలేకపోయింది. బతికున్నప్పుడు కాలు బాగవలేదు. కారులోనైనా బాగు చేసేద్దామనుకుంది. రంపం తీసుకుంది.

"నువ్వు మామూలుగా ఉండాలని," అంటుంది నళిని. ఇప్పుడు గొంతు కాలేజీది కాదు, సందులో పిల్లది. "ఎవరి సాయమూ అక్కర్లేకుండా నువ్వొక్కదానివే తోలుకుపోతున్నట్టు ఉండాలని."

అక్క తన సమానమైన కాళ్ళ వైపు చూసుకుంటుంది. ఎవరో కొనిపెట్టిన చెప్పుల్ని మర్యాదకి మెచ్చుకుంటున్నట్టు, ఒక పాదం ఎత్తి అటూ ఇటూ తిప్పి చూస్తుంది.

"బాగానే చేశావు. ఎక్కడా కుంటు తెలియడం లేదు," అంటుంది. "నాకూ ఇలా ఉండాలనే ఉండేదే. కాకపోతే ఇలా ఉంటే నిన్ను పిలిచేదాన్ని కాదు. పొద్దున్నే తాళం వేసుకుని నా దారిన నేను భీమిలి పోయేదాన్ని. నాలుగు పనులకి నాకు కాళ్ళూ చేతులూ కలిపి మూడే ఉన్నాయి కనక, నాలుగోదానికి నిన్ను పెట్టుకున్నాను."

"ఎవరినైనా పెట్టుకోవచ్చుగా అక్కా. అప్పలరాజు లేడూ?"

"అప్పలరాజుని పెట్టుకుంటే దారంతా జోకులు చెప్తాడు. పైగా వాడి జోకులకి వాడే నవ్వుతాడు, మనకి ఆ పని కూడా మిగల్చడు." అక్క నవ్వుతుంది, నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. "కడ్డీకి ఒక కొక్కెం పెడితే చాలే, క్లచ్ పట్టుకుని ఉంటుంది, నా చేత్తో నేనే గేరు వేసుకోవచ్చు. అదీ గీశాను. గీసి, చెరిపేశాను."

ఎందుకని అడగడానికి నళినికి ధైర్యం చాలదు. అడక్కపోవడమే అడగడమైపోయింది కాబోలు, అక్క భుజాలెగరేస్తుంది.

"అప్పుడు ఎడమ సీటు ఎందుకింక?"

అరుపు దగ్గరకొచ్చింది. ఇప్పుడు మాటలు కూడా కొద్దికొద్దిగా తెలుస్తున్నాయి. పాత... ఇనప... దీర్ఘం. సందు చివర ఒక తోపుడు బండి నీడ కదులుతోంది.

"జరగవే," అంటుంది అక్క తలుపు తెరిచి. "అది నా సీటు."

నళిని జరగాలనుకుంటుంది. మధ్యలో గేరు కర్ర ఉంది, మోడు ఉంది, వాటి మీదుగా కాలు ఎత్తి వెయ్యాలి, ఎడమ కాలు ఎత్తబోతే లేవదు. సన్నగా, బరువుగా, తనది కానట్టు పడి ఉంది. ఆశ్చర్యం కూడా కలగదు ఆమెకి. ఓహో, ఇలా ఉంటుందా, అనుకుంటుంది. రెండు చేతులతో తొడ పట్టుకుని, అక్క ఎన్నోసార్లు చెయ్యగా చూసి మొహం తిప్పుకున్న ఆ పనే చేసి, కాలుని ఎత్తి అవతల పెట్టి, మెల్లగా, ఒక జీవితకాలం పట్టినంత మెల్లగా, ఎడమ సీటులోకి జారుతుంది.

ఇక్కడి నుంచి అన్నీ వేరుగా ఉన్నాయి. సముద్రం ఈ వైపు ఉంది. అక్క కుడి పక్కకి వచ్చి కూర్చుంది, మోచెయ్యికి మోచెయ్యి తగులుతోంది. ఇంజను ఎప్పుడు వచ్చిందో, పిల్లి గురగురలా సన్నగా నడుస్తోంది.

"సిద్ధమేనా? నేను తోస్తాను. చెయ్యి గేరు మీద పెట్టు."

నళిని చెయ్యి పెడుతుంది. గుండ్రటి పిడి అరచేతిలో చల్లగా ఒదుగుతుంది. అక్క ఎడమ చెయ్యి కడ్డీ కోసం గాలిలో వెతుకుతుంది. మోడు తగులుతుంది. అక్కడి నుంచి పైకి, ఉండాల్సిన చోట, ఏమీ లేని గాలిని పిడికిట్లో పట్టుకుని తోస్తుంది. చెయ్యి ముందుకు పోతుంది, ఏదీ కిందకి పోదు. మళ్ళీ తోస్తుంది. వేళ్ళ నిండా నారింజ పొడి.

"సంచిలో ఉంది అక్కా," అంటుంది నళిని, ఏడుస్తూ. "గేటు దగ్గర. ఇప్పుడే తెచ్చేస్తాను. అతను ఇంకా రాలేదు."

"వచ్చేశాడే," అంటుంది అక్క. బండి చక్రాలు గేటు ముందు ఆగిన చప్పుడు సందంతా వినిపిస్తుంది. "సరేలే. ముందు ఇది చెప్పు. అంకెలు తిన్నగా కనిపిస్తున్నాయా నీకు?"

"ఏ అంకెలు?"

"గేరు మీదవి. తిన్నగా కనిపిస్తున్నాయా?"

నళిని పిడి మీంచి చెయ్యి తీసి చూస్తుంది. అంకెలు నిలవవు. ఒకటి అన్నది హాల్ టికెట్ నంబరవుతుంది, రెండు వంకర తిరిగి కొంగ మెడవుతుంది, మూడు అక్షరమైపోతుంది. ఆమె కళ్ళు తుడుచుకుని ఇంకా దగ్గరగా వంగుతుంది, ఇంకా దగ్గరగా, ఈసారి చదవగలిగితే ఏదో ఆగుతుందని, ఏది ఆగుతుందో తెలియకుండానే,

"పాత ఇనప సామాన్లు కొంటాం..."

*

తెల్లవారి చాలాసేపయింది. కిటికీ ఊచల నీడలు దుప్పటి మీద పడి ఉన్నాయి. నళిని ఎడమ కాలు ఒంటి కింద మడతపడి మొద్దుబారిపోయి ఉంది, కిందపెట్టి నిలబడబోతే నేల తెలియలేదు. మంచం పట్టె పట్టుకుని, ఆ కాలుని పక్కకి విసురుతూ, కుంటుకుంటూ, చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె గేటు దగ్గరకి పరుగెత్తింది.

అతను అప్పటికే గోనెసంచిని బండి మీదకి ఎత్తుకున్నాడు.

"ఈ సంచి నాకేనా అమ్మా? పిలిత్తే పలకలేదు. ఎప్పట్లాగ నాకే ఎట్టుంటారనీసి ఎత్తీసాను."

"సంచి నీదే. ఒక్కటి తీసుకుంటాను, ఆగు."

మూతి విప్పి మోచెయ్యి దాకా చెయ్యి దూర్చింది. తుప్పు రేకులు గీసుకున్నాయి. వేళ్ళకి రబ్బరు తగిలింది. లాగింది.

"ఓలమ్మా, బరువంతా అందులోనే ఉంటే అదే తీసీసుకున్నారేటి! ఇంక నాకేటి మిగిలింది, డబ్బారేకులు!" అని అతను నవ్వాడు. "పోన్లెండి. లోపల ఇంకేటైనా పారీసేవి ఉంటే సూడండి, నిలబడతాను."

ఆమె వినిపించుకోలేదు. కడ్డీని చంటిపిల్లలా భుజానికి ఆనించుకుని షెడ్డులోకి నడిచింది. కారు కొత్త అడుగు రేకుతో, సగం పూసిన ప్రైమరుతో, పైకప్పు లేకుండా నిలబడి ఉంది. కుడి తలుపు తెరిచి వంగి, మోడు మీద కడ్డీని నిలబెట్టి చూసింది. కోసిన రెండు ముఖాలూ వారంలోనే తుప్పు పట్టి ఉన్నాయి, ఒకే రంగు తుప్పు. వదిలితే పడిపోతుంది. పమిట చెంగు చింపి రెండింటినీ కలిపి కట్టింది. గట్టి కట్టు కాదు. అప్పలరాజు చూస్తే జోకు వేస్తాడు. కడ్డీ మాత్రం తనంతట తాను నిలబడింది.

తలుపు వేసి ఆమె అటు తిరిగి వెళ్ళింది. ఈ కారుని గోకింది, తోమింది, దాని కింద పడుకుంది, ఇంజను ముందు మోకాళ్ళ మీద గంటలు గంటలు కూర్చుంది, స్టీరింగు ముందు కూర్చుని కళ్ళు మూసుకుని చాలా దూరాలు పోయింది. ఎడమ తలుపు మాత్రం ఇన్ని నెలల్లో ఎప్పుడూ తియ్యలేదు. బిగుసుకుపోయి ఉంది. భుజంతో తోస్తే కీచుమని తెరుచుకుంది. కూర్చుంది.

గేరు కర్ర మీది పిడి, అప్పలరాజు వంకరగా బిగించేశారన్న పిడి, ఆమె ముందు ఉంది. దాని మీద చెక్కిన ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఒక్కటీ ఏమాత్రం వంకర లేకుండా, తిన్నగా, ఈ సీటులో కూర్చున్న మనిషి వైపు తిరిగి ఉన్నాయి. కింద నట్టు మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క.

ఆమె చాలాసేపు వాటిని చదివింది. ఇప్పుడు అవి నిలబడే ఉన్నాయి.

కుడి పక్క ఖాళీ సీటు మీద పొద్దుటి ఎండ పడింది. కట్టు కట్టిన కడ్డీ నీడ దాని మీద సన్నగా వాలింది. నళిని కుడి చెయ్యి ఎత్తి పిడి మీద పెట్టి, ఎవరో ఏదో అంటారన్నట్టు ఆగింది.

"అమ్మా," గేటు దగ్గర నుంచి పిలుపు. "ఇంకేటీ లేవు గదా? ఎల్లమంటారా మరి?"

"ఊఁ," అంది నళిని.

అన్నాక ఆ గొంతు తనే విని, గేరుని తన వైపుకి లాగి, ముందుకి తోసి, ఒకటిలో వేసింది.